గోదారి వెంట ఉప్పల్ దాకా

మా సింగరేణి జైపూర్ నుంచి ఉప్పల్ స్టేడియానికి పోవాలంటే ముందు గోదావరి దాటాలి. ఇందారం ఎక్స్‌రోడ్డు దగ్గర మళ్లితే వంతెన, వంతెన దిగితే గోదావరిఖని. 2024 మార్చి 27న సన్‌రైజర్స్‌కు ముంబై ఇండియన్స్‌తో ఆట. మొదలయ్యేది రాత్రి ఏడున్నరకు కాబట్టి పగలంతా పట్నం చూపిద్దామని మేనల్లుణ్ని వెంటబెట్టుకుని తెల్లారకముందే బయల్దేరాను. వెనక సింగరేణి థర్మల్ కేంద్రం చిమ్నీల ఎర్రదీపాలు. కింద ఎండాకాలపు గోదారి, ఇసుక మధ్య పాయగా.

ఎగువన ఎల్లంపల్లి జలాశయంలో ఆగిన నీళ్లలో కొంత ఎన్నటికీ ఈ వంతెన కిందికి రాదు. ముర్మూరు దగ్గర పైపుల్లోకి ఎక్కి హైదరాబాద్ దారి పడుతుంది. 2015 చివర్లో నగరానికి అందడం మొదలైన ఈ తాగునీటి పథకం తొలి దశ సామర్థ్యం రోజుకు 172 మిలియన్ గ్యాలన్లు. ఎల్లంపల్లి నిండినా నీటిమట్టం 148 మీటర్లే. హైదరాబాద్ ఏమో సముద్రమట్టానికి ఐదు వందల మీటర్ల పైన ఉంది. పల్లానికి, తూర్పుకు పోవాల్సిన నది నైరుతి దిక్కు తిరిగి ఎత్తు ఎక్కుతోంది. ఎక్కించేది పంపులు, పంపులను తిప్పేది కరెంటు. ఆ కరెంటు వెనక ఉన్నది బొగ్గు, బొగ్గుబాయి దిగే మనిషి. అందుకే రాజీవ్ రహదారి మీద పోతున్నంతసేపూ నాకది ఉత్త రోడ్డులా తోచదు. గోదారి రెండో పాయ పక్కనే నడుస్తున్నట్టుంటుంది.

ఎన్టీపీసీ, బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ, పెద్దపల్లి, సుల్తానాబాద్ రైస్ మిల్లులు వెనక్కి పోయాయి. కరీంనగర్‌లో మానేరు దాటాం. గోదారిలో కలిసే మానేరును రోడ్డు మీద దాటినట్టే, పైపులో నీళ్లూ బొమ్మకల్, మల్లారం, కొండపాక, ఘనపూర్ మజిలీలు దాటుకుంటూ వస్తాయి. మల్లారంలో శుద్ధి అవుతాయి. సిద్దిపేట, ప్రజ్ఞాపూర్, శామీర్‌పేట చెరువు తర్వాత అల్వాల్ వచ్చేసరికి ట్రాఫిక్ మొదలైంది. జేబీఎస్‌లో దిగి మొహం కడుక్కుంటుంటే పిల్లవాడు అడిగాడు.

"మామా, గీ నీళ్లు మన ఎల్లంపల్లియేనా?"

"కృష్ణా నీళ్లు, మంజీరా నీళ్లు గూడ వస్తయి బిడ్డా. ఇటు దిక్కు మాత్రం మనయే ఎక్కువ."

మెట్రోలో ఎంజీబీఎస్ చేరి, అఫ్జల్‌గంజ్ మీదుగా నడిచాం. చార్మినార్ చూడటానికి వచ్చేవాళ్లు మూసీ మీది నయాపుల్ వంతెన దగ్గర ఆగరు. ఆగాలి. మూసీ ఈ రోజు నల్లగా, వాసన కొడుతూ కనిపిస్తుంది. చూడటానికి బాధే. కానీ 1908 సెప్టెంబర్ 28న ఇదే నది వేల మందిని మింగింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారంటారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదను ఆపడానికి 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ అనే గండిపేట చెరువు, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి. నగరానికి తాగునీళ్లూ అవే ఇచ్చాయి. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదలడని సామెత పుట్టింది. దాహం పెరిగేకొద్దీ నగరం మంజీరాకు, కృష్ణకు, చివరికి మా గోదారికి చేయి చాచింది. ఇది నేను ఫిర్యాదుగా చెప్పడం లేదు. నీళ్లు ఇచ్చిన ఊళ్ల పేర్లు నగరంలో పిల్లలకు తెలియాలని మాత్రం గట్టిగా కోరుకుంటాను. వాళ్లను ఒక్కరోజు ఎల్లంపల్లి కట్ట మీదికి, మా శివ్వారం అభయారణ్యంలోని మొసళ్ల దగ్గరికి తీసుకురావాలి.

సాలార్‌జంగ్ మ్యూజియంలో పన్నెండు గంటలకు సంగీత గడియారం ముందు జనంతో కలిసి కూర్చున్నాం. బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే మావాడు నోట్లోనే లెక్కపెట్టాడు. తర్వాత చార్మినార్, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. మళ్లీ మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో మారి స్టేడియం స్టేషన్‌లో దిగాం. బోగీ నిండా ఆరెంజ్ జెర్సీలే.

ఫ్లడ్‌లైట్లు వెలిగాయి. ఏ దీపంలో ఏ ఊరి బొగ్గు మండుతోందో గ్రిడ్ చెప్పదు. అయినా 1200 మెగావాట్ల మా జైపూర్ థర్మల్ కేంద్రం వాటా అందులో ఉందనే నేను చూశాను. హెడ్ 18 బంతుల్లో యాభై కొట్టి సన్‌రైజర్స్ రికార్డు పెడితే, అభిషేక్ శర్మ 16 బంతుల్లోనే కొట్టి కాసేపటికే ఆ రికార్డు చెరిపేశాడు. క్లాసెన్ 34 బంతుల్లో 80. మూడు వికెట్లకు 277, అప్పటికి ఐపీఎల్‌లో అదే అతి పెద్ద స్కోరు. ముంబై ఊరుకోలేదు, 246 దాకా వచ్చింది. ఇరు జట్లవీ కలిపి 38 సిక్సర్లు. ముంబై తరఫున 34 బంతుల్లో 64 చేసింది హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ. మావాడు ఆరెంజ్ జెర్సీలోనే లేచి అతనికీ చప్పట్లు కొట్టాడు.

అర్ధరాత్రి దాటాక జేబీఎస్‌లో ఎక్కిన బస్సులో చాలామంది మనోళ్లే. శ్రీరాంపూర్, మందమర్రి, ఖని. పొద్దున బొగ్గుబాయిలో ఫస్ట్ షిఫ్ట్ మస్టర్ పడాల్సిన ఇద్దరు సీట్లు దొరకగానే నిద్రపోయారు. మిగతా బస్సంతా సిద్దిపేట దాకా క్లాసెన్ సిక్సర్ల మీదే వాదులాడింది.