ఫెర్రీ రేవులో గిటారు

విజయవాడనుంచి హైదరాబాదు రోడ్డున పోతే ఎంతోసేపు పట్టదు ఇబ్రహీంపట్నం. వెనక కొండపల్లి కొండలు, వాటిముందు విద్యుత్కేంద్రం పొగగొట్టాలు. రింగు సెంటరు రద్దీ దాటి ఏటివైపు తిరిగితే ఫెర్రీ. పట్టిసీమ దగ్గర తోడిన గోదావరి నీరు 2015లో కాలువ దారిన వచ్చి కృష్ణలో కలిసింది ఇక్కడే. పవిత్ర సంగమమని పేరు పెట్టారు. మరుసటి ఏడు పుష్కరాలకు జనం విరగబడి వచ్చారు.

సంక్రాంతి సెలవుల్లో ఒక సాయంత్రం మా మేనల్లుడూ నేనూ ఆ మెట్లమీద కూర్చున్నాం. వాడు ఫోనులో ఏదో పెట్టాడు. పైన గిటారు గలగల. కింద యంత్రం మెత్తగా వేసే నాలుగు దెబ్బల నడక.

"ఫ్లమెంకో చిల్లవుట్ మామయ్యా! స్పెయినులో ఇబీజా అనే దీవి ఉంది. అక్కడి కఫే దెల్ మార్‌లో పొద్దుగుంకే వేళ ఇట్లాంటి సంగీతమే వేస్తారు" అన్నాడు.

ఫ్లమెంకో పుట్టిల్లు స్పెయినుకు దక్షిణాన ఉన్న ఆందలూసియా. దాన్ని పెంచినవారిలో జిప్సీలు ముఖ్యులు. వారి పూర్వులు మన దేశంనుంచే వలస వెళ్ళారని వారి భాషే సాక్ష్యం చెబుతుంది. బులేరియాస్ అనే వరసలో తాళం పన్నెండు దెబ్బలు: మూడు, మూడు, రెండు, రెండు, రెండుగా విరుగుతుంది. దాన్ని నాలుగు దెబ్బల చట్రంలో బిగిస్తే వినడానికి హాయిగానే ఉంటుంది గాని, ఆ నడకలోని పొగరు కాస్తా పోతుంది.

"నిద్రకు బాగుందిరా" అన్నాను.

"మీకు కలిపితేనే గిట్టదు" అని మూతి ముడిచాడు.

గిట్టకపోవడమేం! పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ తొలి కచేరీ చేసింది మన గుడివాడలోనే, 1978 త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండలిన్ వాయించేవారు కారు. ఆయన పాడితే పిల్లవాడు ఆ పాటను తీగలమీద పలికించేవాడు. మాండలిన్ నాదం మీటగానే ఆరిపోతుంది, గమకానికి నిలవదు. అందుకే జంట తీగలు మాని, అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్ పట్టాడు. వాద్యమే రాగానికి లొంగింది గాని, రాగం వాద్యానికి లొంగలేదు.

ఆయనే 1995లో కెనడా గిటారు విద్వాంసుడు మైకేల్ బ్రూక్‌తో 'డ్రీమ్' అనే ఆల్బం చేశాడు. తరవాత జాన్ మెక్లాగ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి'లో వాయించాడు. ఆ మెక్లాగ్లిన్, ఫ్లమెంకో దిట్ట పాకో దె లూసియాతో 1980లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కచేరీ చేసినవాడే. పాకో, శ్రీనివాస్ ఇద్దరూ 2014లోనే పోయారు. శ్రీనివాస్‌కు నిండా నలభై ఆరేళ్ళు లేవు.

మావాడు 'డ్రీమ్' వెతికి పెట్టాడు. యంత్రనాదం మంచులా పరుచుకుంది. దానిమీద మాండలిన్ తన గమకం తాను పలుకుతోంది, ఎవరికోసమూ తొందరపడకుండా.

"ఇది మళ్ళీ మొదటినుంచి పెట్టు" అన్నాను. విజయవాడ బస్సు సంగతి ఇద్దరికీ గుర్తులేదు.