వెనుక సీటు

మా యింట నొక బుల్లెట్టు మోటారు సైకిలు కలదు. మా మామగారు దానిని 1972లో కొనిరి. రెండేండ్ల తరువాత మా యత్తగారిని వివాహమాడిరి. “అది నాకంటే ముందు కాపురానికొచ్చిన సవతి” అని యత్తగారు నేటికిని నవ్వుచుందురు. మామగారు స్వర్గస్థులై ఆరేండ్లయినది. పెద్దకుమారులగు మావారు బడిపంతులు. వారికి స్కూటరు తప్ప మరియొకటి నడుపుట చేతకాదు. కావున బండి మా మరిది పాలయ్యెను.

స్త్రీలు చదువు పత్రికలో మోటారు సైకిలు ముచ్చట యేల యని సోదరీమణు లడుగవచ్చును. ఇనుప సామానుల సంగతి మగవారిదే యని మేమును అనుకొంటిమి. అట్లనుకొనియే, ఆలోచింపక యొక మాట యిచ్చి, పిదప చింతించితిమి. అందుచేతనే వ్రాయుచున్నాము.

గడచిన వేసవిలో నొకనాడు మేము ఆవకాయకు కాయలు తుడుచుచుండగా మరిది వచ్చి ప్రక్కన కూర్చుండి, “వదినా, మీరు చెబితే అమ్మ వింటుంది. బండిని కెఫే రేసరు చేయిస్తాను” అని ఫోనులో బొమ్మలు చూపెను. చూడగా నది ఆకులు దూసిన అరటిచెట్టువలె నుండెను. మడ్‌గార్డులు సగము లేవు. రెండు సీట్లకు మారుగా నొకటే సీటు, దాని వెనుక ఎద్దు మూపురమువంటి యెత్తు. నడుపువాడు ట్యాంకుమీదికి బోర్లపడినట్లు వంగియున్నాడు. క్రొత్తది కొనరాదా యని యడిగితిమి. “నాన్న నేర్పిన బండి కదా వదినా” అనెను. ఆ మాటకు మేము కరగి, సరే, మీ అమ్మగారితో చెప్పెదమంటిమి.

కెఫే యనగా కాఫీ హోటలు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1950, 60 ప్రాంతముల, ఇంగ్లండులో పడుచువాండ్రు బాటప్రక్క హోటళ్లయొద్ద గుమిగూడి, మోటారు సైకిళ్లపై పందెములు వేసికొని పోవుచుండిరట. లండను నగరమున నార్త్ సర్క్యులర్ రోడ్డు మీది ఏస్ కెఫే అందు మిక్కిలి పేరెన్నిక గన్నది. దానిని 1938లో తెరచిరి, యుద్ధమున బాంబులకు కూలగా 1949లో మరల కట్టిరి, 1969లో మూతపడెను, 2001లో మరల తెరువబడెను. గంటకు నూరు మైళ్ల వేగము నందుకొనుట యా కుఱ్ఱవాండ్రకు పరమపురుషార్థము. అందుకై బండిపై బరువగు వస్తువు నెల్ల నూడదీసిరి. గాలి దెబ్బ తగులకుండ వంగుటకు హ్యాండిలును దించిరి. వంగినవానికి కాళ్లు కుదురుటకు పాదములు మోపు కడ్డీలను వెనుకకు జరిపిరి. వేగమున వెనుకకు జారకుండుటకు సీటుకు మూపురము పెట్టిరి. ఇదంతయు విని మా యత్తగారు, “కాఫీ కోసం పరుగెత్తడమేమిట్రా? ఇంట్లో పొయ్యిమీదే ఉందిగా” అనిరి.

బుల్లెట్టునకు పుట్టిల్లును ఇంగ్లండే. రెడ్డిచ్ అను నూరి ఎన్‌ఫీల్డు కంపెనీతో కలిసి మద్రాసు మోటార్సువారు 1955లో మన దేశమున కంపెనీ పెట్టిరి; మద్రాసు చెంత తిరువొత్తియూరులో బండ్లు తయారయ్యెను. తరువాత పుట్టింటివారు దుకాణము కట్టివేసినను, మెట్టినింట మాత్ర మా బండి వంశము నిలిచినది. ఆ యింగ్లండు కంపెనీయే 1964లో కాంటినెంటల్ జీటీ యను 250 సీసీ బండిని కెఫే రేసరు రూపముననే చేసి యమ్మెను. ఆ పేరుతో 2013లో మన దేశమున మరల నొక బండి వచ్చెను. కాబట్టి మరిది కోరిక వంశమునకు వెలియైనది కాదు.

మా తండ్రిగారు మాకు చిన్ననాట రామాయణము చెప్పుచు, పుష్పకమున నెందరెక్కినను ఇంకొకరికి చోటుండునని చెప్పెడివారు. ఈ బండి దానికి సరిగా నెదురు. ఎంత మంచిగా చేసినను ఇంకొకరికి చోటుండదు. ఈ సంగతి మాకప్పుడే తోచవలసినది. తోచలేదు. అత్తగారి నడుగగా, “మీ ఇష్టమమ్మాయ్” అని కత్తిపీట ముందుకు జరుపుకొనిరి. మేము దానిని అంగీకారమని యెంచితిమి. ఇంటి యాడువారు “మీ ఇష్టము” అన్నప్పుడు అది యెవరి యిష్టమో మాకు తెలియకపోవునా?

మావారు చట్టపు పుస్తకము ముందు వేసికొనిరి. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములో వ్రాసిన వివరములకును తయారీదారు నిర్ణయించినదానికిని భిన్నముగా బండిని మార్పరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళనుండి వచ్చిన వ్యాజ్యమున నీ మాటనే గట్టిగా చెప్పెను. మరియు 2021లో కేంద్రప్రభుత్వము ఏబదియేండ్లు దాటిన బండ్లకు ప్రత్యేకపు రిజిస్ట్రేషను నేర్పరచెను. రుసుము 20,000 రూపాయలు. చాసిస్‌గాని యింజనుగాని మార్చినచో నా గౌరవము దక్కదు. దక్కిన బండిని మామూలుగా రోడ్డుపై త్రిప్పరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు మాత్రమే. “పూజామందిరంలో పెట్టిన పట్టుచీరన్నమాట” అంటిమి. మావారికి నవ్వు రాలేదు. “ఆర్సీలో సీట్లు రెండని ఉంది. ఒక్కటి కోసినా, వెల్డింగు చేసినా నేను ఒప్పుకోను. బోల్టు విప్పితే మళ్లీ బిగించేటట్టుండాలి” అని తమ్మునికి చెప్పిరి. ఆ యొక్క పట్టుదలయే తరువాత మమ్ము కాపాడినది.

బండి ఆటోనగరునకు పోయెను. బెజవాడలో లారీల బాడీలు కట్టుట మొదలు సూదిమొనంత స్క్రూ వరకు దొరకు చోటది. మెకానిక్కు పనివాడే, కాని చేయి దురద గలవాడు. వెనుక గొట్టములు కోసి గుండ్రని కడ్డీ అతికించెద ననెను. మరిది అన్నమాట తలచుకొని వద్దనెను. హ్యాండిలు తీసి ఫోర్కులనే పట్టుకొను పొట్టిపిడులు పెట్టెద ననెను. దానికొక చిక్కు కలదు. పాత బుల్లెట్టునకు పెద్దదీపము, వేగము చూపు మీటరు, అమ్మీటరు అన్నియు నొకే యినుపముఖమున నమర్చియుండును; ఇరుప్రక్కల కన్నులవలె రెండు చిన్నదీపములు. ఫోర్కుల తలలు ఆ ముఖముననే బిగింపబడియుండును. పొట్టిపిడులు కావలెనన్న ముఖమునే తీసివేయవలెను.

మరిది దాని కొప్పుకొనలేదు. మామగారు బండిని మేల్కొలుపు విధము మేమును చూచితిమి: కిక్కును మెల్లగా త్రొక్కుచు అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చువరకు చూచెడివారు, చిన్న లివరు నొక్కి పిస్టనును శిఖరము దాటించి, అప్పుడొక్కసారి గట్టిగా త్రొక్కెడివారు. ఒక్క త్రొక్కుతోనే పలికెడిది. తెలియనివారు పదిమారులు త్రొక్కి పిక్కలు పట్టుకొని కూర్చుండవలసినదే. ఆ ముల్లు పోయిన నిక నేమున్నది? ముఖ మట్లే యుంచి, పాత చోటుననే క్రిందికి వంగిన హ్యాండిలు బిగించిరి. దానికి ఏస్ హ్యాండిలని పేరట, ఆ కాఫీ హోటలు పేరే.

గాలి వడపోయు డబ్బాను తీసివేయుటకును మెకానిక్కు తొందరపడెను. గాలి హెచ్చినచో పెట్రోలు పాలు తగ్గి యింజను వేడెక్కును. దానికై కార్బొరేటరులోని జెట్టు పెద్దది వేయవలెను. ఇది పులుసులో ఉప్పెక్కువై నీరు, నీరెక్కువై మరల ఉప్పు వేసిన చందము. దానిని వదలివేసిరి. ఇంతకును ఆ బండి యింజను 346 సీసీ, శక్తి పదునెనిమిది గుఱ్ఱములు. ఎన్ని యూడదీసినను నూరు మైళ్లు పోదు. ఈ మాట మరిదితో ననలేదు.

పది దినములకు బండి యింటికి వచ్చెను. అందముగానే యుండెను, అబద్ధమాడుట యెందుకు? పాత నల్లరంగు తుడిచి మెరుగుపెట్టిరి. మూపురపు సీటు గోధుమవన్నె. వీధిలో పిల్లలు చుట్టుముట్టిరి. అత్తగారు వెలుపలికి వచ్చి, వెనుకప్రక్కకు తిరిగి చూచి, “వెనక సీటేదిరా?” అనిరి.

“అక్కడే ఉంటుందమ్మా, షాపులో.”

“చీర చిక్కకుండా ఉండేది?”

“అదీ అక్కడే.”

ఆమె లోనికి పోయిరి. ఆ రాత్రి భోజనము చేయలేదు. మేము ప్రక్కను కూర్చుండగా చాలసేపటికి చెప్పిరి.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినది. వేలకొలది జనులు పోయిరి. అత్తగారి పుట్టిల్లు అవనిగడ్డకు దిగువ నొక పల్లె. కబురు లేదు, తంతి లేదు. మూడవనాడు మామగారు ఆమెను వెనుక కూర్చుండబెట్టుకొని బయలుదేరిరి. ఒడిలో నీళ్ల బిందె, అటుకుల మూట. దారి పొడవున చెట్లు పడియుండగా దిగి, బండిని పొలముగట్లపై నెట్టి, మరల నెక్కి పోయిరట. పోను పోను వాసన యెక్కువైనదట. ఆమె కన్నులు మూసికొని మామగారి వీపున ముఖము దాచుకొనిరి. పుట్టింట ఐదుగురిలో నిద్దరు మిగిలిరి. పదునొకండేండ్ల తమ్ముని తమ యిద్దరి నడుమ నిరికించుకొని, ఆ సీటుమీదనే బెజవాడ చేరిరి. ఆయనయే నేడు మావారి మేనమామగారు, అవనిగడ్డలో నున్నారు. ఏటేట నా దినమున అత్తగారు తమ్ముని యింటికి పోవుదురు. మామగారుండగా వారి వెనుక, ఆ పిమ్మట మరిది వెనుక, ఆ బండిమీదనే పోయిరి. ఇది మేము పదునాలుగేండ్లుగా చూచుచున్నదే. ఏల యని యొక్కనాడును అడుగలేదు.

మరునాడు మేమే మరిదితో ఆటోనగరునకు పోతిమి. సీట్లు రెండును, శారీ గార్డును ఆ వారపు పాత ఇనుములో కలిపి యమ్మివేసినారని తెలిసెను. ఉంచుమని మేమెవరమును చెప్పలేదు. తప్పంతయు మెకానిక్కుపై వేయజాలము. రెండు వీధుల యవతల పాత ఇనుపకొట్టులో మధ్యాహ్నము వరకు వెదకితిమి. శారీ గార్డు దొరకెను. ఒక కడ్డీ వంగియున్నది. స్ప్రింగులతో ముందు సీటు దొరకెను. వెనుక సీటు ఇనుపచట్రము మాత్రమే యుండెను; పైపొర యెవరో చించి తీసికొనిరి. దాని కుట్టు అత్తగారే స్వయముగా రెండుమారులు వేసినదట. కిలోల లెక్కను వెల కట్టి తెచ్చితిమి. అత్తగారు చట్రమును చేతితో తడవి, “ఇదేలే” అనిరి. మరిది తల యెత్తలేదు.

ఈ సందర్భముననే మావారు మరియొక నియమము చూపిరి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 123వది: వెనుక కూర్చుండువారికి పట్టుకొనుటకు పిడి, పాదములకు ఆధారము, బట్టలు చిక్కకుండ వెనుకచక్రమున సగమునకు తక్కువకాకుండ కప్పు ఉండితీరవలెను. చీర కట్టిన యాడుదాని ప్రాణము ప్రభుత్వపు పుస్తకమున నిట్లు వ్రాయబడియున్నదని మాకు తెలియదు. సోదరీమణులారా, బండి యెక్కుటకు ముందు ఎడమప్రక్క చక్రమును చూచుకొనుడు. ఈ దినములలో అందముకొరకు దానిని విప్పివేయువారు మా మరిది యొక్కడే కాదు.

నవంబరు వచ్చెను. కోసినదేమియు లేదు గనుక రెండుగంటలలో మూపురపు సీటు దిగి, పాతవి రెండును ఎక్కెను. వెనుక చట్రమునకు నల్లని రెక్సిను మేమును అత్తగారును కూర్చుండి కుట్టితిమి. క్రిందికి వంగిన హ్యాండిలు మాత్ర మట్లే యుండెను. పాతది మరల దొరకలేదు. అత్తగారు డెబ్బదియేండ్ల వయసున హెల్మెట్టు పెట్టుకొని, కొంగు బిగించి, ప్రక్కకు తిరిగి కూర్చుండిరి. మేము, మావారు, పిల్లలు బస్సున పోతిమి.

అవనిగడ్డలో అన్నములైన పిదప ప్రయాణ మెట్లున్నదని యడిగితిమి. అత్తగారు తమ్ముని వంక చూచుచు, “వీడు వంగి కూర్చుంటాడు. గాలంతా నా మొహానికే కొట్టింది. మీ బావ అడ్డంగా ఉండేవాడు” అనిరి. మేనమామగారు ఏమియు ననలేదు. మరిది చేతులు కడుగుకొనుటకు లేచిపోయెను.

సాయంకాలము తిరుగుదారిలో ఉయ్యూరు దాటినపుడు మా బస్సు వారి బండి ప్రక్కగా వచ్చెను. కిటికీనుండి చూచితిమి. మరిది హ్యాండిలు కొసలను వ్రేళ్లతో మాత్రము పట్టుకొని, నడుము నిటారుగా నిలుపుటకు చూచుచుండెను. అది పూర్తిగా కుదురుట లేదు. వెనుక నత్తగారు హెల్మెట్టు తలను అతని వీపున కానించియుండిరి.