కోటిపల్లి రేవు

2024వ సంవత్సరము మాఘమాసమున, మా అమ్మమ్మ సంవత్సరీకము ముగిసిన మూడవనాడు, మేము అక్కచెల్లెండ్రము ముగ్గురము అమ్మను వెంటబెట్టుకొని కాకినాడనుండి కోటిపల్లికి బయలుదేరితిమి. దూరము 45 కిలోమీటర్లు. కోటిపల్లి రేవున గౌతమి దాటినచో ముక్తేశ్వరము; అచటినుండి అయినవిల్లి చేరువనున్న యొక పల్లె మా అమ్మమ్మ పుట్టినిల్లు. ఉదయము పోయి సాయంకాలమునకు రాదగిన యీ ప్రయాణమును మేము నాలుగేండ్లు వాయిదావేసితిమి. ఆమె యడిగినది తనను తీసికొనిపొమ్మని. మేము పోవుచున్నది ఆమె లేకయే.

సోదరీమణులారా, మీ యిండ్లలోను ఇట్టి పెద్దదిక్కు ఒకతె యుండియే యుండును. ఆమె గదిలోనికి వచ్చినచో పిల్లలు పుస్తకములు మూసెదరు, కోడండ్రు పని మరచెదరు. మా అమ్మమ్మ చింతగింజలు పందెముగా నొడ్డి పేకాడెడిది. ఆడినప్పుడెల్ల బాహాటముగా దొంగాట యాడెడిది. పట్టుకొన్నచో, "నేను దొరకలేదర్రా, మీరు చూశారంతే!" అని మమ్మే తప్పుపట్టెడిది. మా నాన్నగారు క్రొత్తల్లుడై వచ్చినప్పుడు ఆయన కాఫీలో ఉప్పు వేసి, ఆయన మర్యాదకొరకు తుదిబొట్టువరకు త్రాగుచుండగా చూచి, లోపలికి పోయి నవ్వలేక కూలబడినదట. కాకినాడ కాజాను గూర్చి ఆమె చెప్పుమాట మా చుట్టములలో నేటికిని చెల్లుచున్నది: "ఇది మంచి అల్లుడులాంటిది. పైకి గట్టి, కొరికితే అంతా పాకమే."

కరప, వేళంగి మీదుగా పోవుదారికిరువైపుల దాళ్వా వరి యప్పుడే పచ్చబడియున్నది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్ట పూర్తిచేసిననాటినుండి ఈ సీమకు కాలువ నీరే ప్రాణము. దారి పొడవున నొకచో దూరమై, ఒకచో చేరువై రైలుపట్టాలు కానవచ్చినవి. ఈ పట్టాల కథ మా యింట తెలియనివారు లేరు. కాకినాడనుండి కోటిపల్లికి 1928లో రైలుదారి వేసిరి. రెండవ ప్రపంచయుద్ధము రాగా 1940లో పట్టాలు ఊడదీసి యుద్ధావసరములకు పంపివేసిరి. మా అమ్మమ్మ పుట్టినది 1931లో. ఎనిమిదేండ్ల ప్రాయమున మేనమామతో ఒక్కసారి ఆ రైలెక్కినది. "నేను దిగానో లేదో పట్టాలు పీక్కుపోయారు. అంత బరువున్నానా నేను?" అనెడిది. హిట్లరును ఓడించినది తన రైలేయని కూడ మాకు నమ్మబలికినది. మాలో చిన్నది ఆ మాటను బడిలో చెప్పి దెబ్బలు తిన్నది.

ఆ మార్గమున మరల రైలు నడచుటకు 2004 వరకు పట్టెను. ఒక్క పెట్టె రైలుబస్సు అది. డెబ్బదిమూడేండ్ల వయసున అమ్మమ్మ జరీచీర కట్టి, మమ్ములనందరను వెంటబెట్టుకొని స్టేషనుకు వచ్చి, టిక్కెట్లిచ్చు నాతని నడిగినది: "నాకు అరటిక్కెట్టు చాలు నాయనా. పోయినసారి అదే తీసుకున్నారు." ఆ దినమున ద్రాక్షారామము వచ్చువరకు ఆమె కిటికీ విడువలేదు. భీమేశ్వరుని గోపురము కానరాగానే పెట్టెలోని ముక్కుమొగమెరుగని వారిచేత గూడ దండము పెట్టించినది.

ఈమారు మేము ద్రాక్షారామమున నాగి స్వామిని దర్శించితిమి. లింగము మిక్కిలి యెత్తగుటచే పై యంతస్తు నెక్కి పూజింపవలెను. మెట్లెక్కుచు మా అమ్మ యొక్కమాటయు ఆడలేదు.

కోటిపల్లిలో గౌతమి సముద్రము వలె వెడల్పు. సోమేశ్వరస్వామిని సేవించి రేవునకు దిగితిమి. క్రిందటి సంవత్సరము మా మేనమామలు అస్థికలు తెచ్చి కలిపినది ఈ నీటిలోనే. ఆడువారము ఇంటికడనే యుంటిమి. నదిలో క్రొత్త రైలువంతెనకై కట్టిన స్తంభములు నిలిచియున్నవి. వాని ప్రక్కగా పంటు మనుష్యులను, మోటారుసైకిళ్ళను, అరటిగెలలను ఎక్కించుకొని దాటించుచున్నది. పంటు నడుపువాడు కేకవేయలేదు. మేము ఆ కేక కొరకే చెవియొగ్గియుంటిమని ఒకరి మొగ మొకరము చూచుకొన్నప్పుడు గాని మాకు తెలియలేదు.

"పడవెళ్ళిపోతోందహో! ఎక్కేవాళ్ళు ఎక్కండహో!" — ఇది మా అమ్మమ్మ కేక. పెండ్లి పందిట నేమి, భోజనముల వేళ నేమి, అరచేయి నోటికడ్డుపెట్టి, తన చిన్ననాటి పడవవాని గొంతుతో కేకవేసినచో ఎంతటివారును నవ్వవలసినదే. 2019 మొదలు ఆ కేక మరీ తరచయ్యెను. కేకవేసి, మేము నవ్వుచుండగా, "ఒకసారి రేవు దాటించి తీసుకురండర్రా" అనెడిది. ఒక యేడు పరీక్షలు, తరువాత కరోనా, ఆ తరువాత ఆమె మోకాళ్ళు. మేము నవ్వితిమి. అంతే చేసితిమి.

పల్లెలో చిన్నమ్మమ్మ, అనగా అమ్మమ్మ కడసారి చెల్లెలు, అరుగుమీద కూర్చుండి మాకొరకు చూచుచుండెను. ఎనుబదియారేండ్లు. అమ్మమ్మ చింతగింజల సంచిని ఆమె చేతిలో పెట్టితిమి. భోజనములైన పిమ్మట, అక్కగారు చిన్నప్పుడెంత అల్లరి చేసెడివారో చెప్పుమని అడిగితిమి.

"అల్లరా? మా అక్కా?" అని ఆమె మమ్ము వింతగా చూచెను. "ఉలుకూ పలుకూ ఉండేది కాదమ్మా. మూగమొద్దు అనేవారు ఊళ్ళో. నవ్వంటే ఏమిటో దానికి తెలీదు."

మేము నమ్మలేదు. అప్పుడామె చెప్పినది. 1944లో, పదమూడవయేట, పెండ్లియై అక్క కాకినాడ పోయినది. అత్తగారు మూడేండ్లు పుట్టింటికి పంపలేదు. తండ్రి రెండుమారులు వచ్చి వట్టిచేతులతో మరలిపోయెను. మూడవ సంక్రాంతికి, వంటింట ఒంటరిగా నున్నప్పుడు, పుట్టినూరు తలపునకు వచ్చి కాబోలు, పడవవాని కేకను తనలో తాను అన్నదట. గుమ్మములో అత్తగారు విన్నది. పిల్లకు ప్రాణములు పోయినవి. అత్తగారు ఒక్క క్షణము చూచి పక్కున నవ్వి, "ఏదీ, మళ్ళీ అను" అన్నదట. ఆ సాయంకాలమే ప్రయాణమునకు అనుమతి యిచ్చినది.

"నవ్విస్తే పంపిస్తారని తెలిసిందమ్మా దానికి," అన్నది చిన్నమ్మమ్మ, గింజలు లెక్కపెట్టుచు. "ఆ రోజునుంచీ ఇంక మానలేదు."

మా అమ్మ లేచి పెరటిలోనికి పోయెను. మేము చాలసేపు అరుగుమీదనే యుంటిమి. ఆమె నవ్వంతయు అక్కరకొరకే యని మేమనము. కాఫీలో ఉప్పు వేసినప్పటి నవ్వు నిజమైన నవ్వే. పేకలోని దొంగాటయు నిజమే. కాని ఆ యొక్క కేక మాత్రము వేరు. తొంబదియేండ్ల ముసలితనమున, మామీద తన పెత్తనమంతయు మరచి, ఆమె మరల అత్తగారి గుమ్మము ముందు నిలిచిన పిల్లవలె మమ్ము అడిగినది. అత్తగారు పంపినది. మేము పంపలేదు.

ప్రొద్దు వాలుచుండగా బయలుదేరితిమి. చిన్నమ్మమ్మ రేవువరకు సాగనంప వచ్చినది. పంటు మీదికి వాహనములు ఎక్కుచున్నవి. ఆమె నీటివైపు చూచి, "అవతలిగట్టు చూసి పదిహేనేళ్ళయిందర్రా," అన్నది, ఎవరితోనో యన్నట్లు.

మేము కొడుకుకోడండ్రకు కబురు చేయించి, ఆమెకును టిక్కెట్టు తీసికొంటిమి. నడుమ కుర్చీ వేయించి, అమ్మ ఆమె చేయి పట్టుకొని నిలుచున్నది. పంటు గట్టు విడచినది.