వినిపించని సరఫరా

వండేవారి నేర్పు ఎంతటిదైనా నీరు మంచిది కాకపోతే వంటకు రుచి రాదు. విద్యుత్ పరికరాలకు సరఫరా అటువంటిదే.

మా నాన్నగారికి వినికిడి క్రమంగా తగ్గుతున్నది. ఆయన దాచుకున్న పాత రికార్డులను స్పష్టంగా వినిపించాలని నేను స్వయంగా రెండు ప్రీయాంప్లిఫయర్ బోర్డులను తయారుచేశాను. రికార్డుపై కదిలే సూది వలన పుట్టే విద్యుత్తు సుమారు 5 మిల్లీవోల్టులే. దానిని బోర్డు ఇంచుమించు 100 రెట్లు పెంచుతుంది. ఇంతటి సున్నితమైన చోట సరఫరాలో మలినముంటే అది హోరుగా మారి పాటను కప్పివేస్తుంది.

నా ఎదుట మూడు మార్గాలుండేవి. రెండు 9 వోల్టుల బ్యాటరీలు పెడితే హోరు ఉండదు. కాని అవి అయిపోయినప్పుడల్లా మార్చడం నాన్నగారికి శ్రమ. సెల్‌ఫోన్ ఛార్జర్ వంటి స్విచింగ్ సరఫరా చౌకైనది, తేలికైనది. కాని అది సెకనుకు వేలసార్లు విద్యుత్తును తెంచి కలుపుతుంది. ఆ అలజడిని వడగట్టడం సులభం కాదు.

చివరకు ట్రాన్స్‌ఫార్మర్‌నే ఎన్నుకొని, హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో 15-0-15 రకాన్ని కొన్నాను. ఇంటికి వచ్చే 230 వోల్టులను అది తగ్గిస్తుంది. డయోడ్లు దానిని ఏకముఖంగా మారుస్తాయి. అప్పుడు సెకనుకు 100 సార్లు కలిగే ఎగుడుదిగుళ్ళను కెపాసిటర్లు చాలావరకు చదును చేస్తాయి. మిగిలిన వాటిని 7815, 7915 రెగ్యులేటర్లు అణచి, ధన, ఋణ 15 వోల్టులను నిలకడగా అందిస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత ప్రభావం సోకకుండా దానిని వేరొక పెట్టెలో దూరంగా అమర్చాను.

బరువు పెరిగింది, ఖర్చూ పెరిగింది. అయితే మంద్రస్థాయిలో సాగే తంబురా శ్రుతి కూడా ఇప్పుడు నాన్నగారికి అందుతున్నది. చెట్టును మెచ్చేవారు వేరును చూడరు. పెంచేవారు మాత్రం వేరుకే నీరు పోస్తారు.