చలికి పలకని బండి

ఆదిలాబాద్ చలి గురించి హైదరాబాద్‌లో చెబితే నవ్వుతారు. జనవరి పొద్దున అయిదున్నరకి మా వాకిట్లో నిలబడితే తెలుస్తుంది. 10 డిగ్రీల కిందికి దిగడం అక్కడ పెద్ద విశేషమేం కాదు.

ఈ సంక్రాంతికి నేను వెళ్లింది పండగ కోసం మాత్రమే కాదు, బాపు చేతక్ అమ్మడానికి. 1988లో కొన్నది, నాకంటే అయిదేళ్లు పెద్దది. రెండేళ్లుగా అమ్మ పాత చీర కప్పుకుని వరండాలో నిలబడి ఉంది. పాత బండ్లు కొనే అతను 6 వేలు ఇస్తానన్నాడట. "స్టార్టయితె ఇంకో నాలుగు వేలు ఎక్కువిస్తడంట బిడ్డా" అని అమ్మ ఫోన్‌లో చెప్పింది.

బాపుని అడిగామా? లేదు. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పడిపోయాయి. మెదడులో ఎడమ వైపు దెబ్బ తగిలితే అలాగే అవుతుందట. "అన్నీ అర్థమవుతాయి, మాట దొరకదు, అంతే" అన్నాడు డాక్టర్. ఆ వాక్యంలో రెండో సగమే మేం గుర్తుపెట్టుకున్నాం. ఎలాగూ చెప్పలేడు కదా అని ఏదీ అడగడం మానేశాం. ఆఖరికి ఏం కూర వండాలో కూడా.

ముందురోజు సాయంత్రం బండిని గల్లీ చివర మెకానిక్ దగ్గరికి తోసుకుపోయాను. టాంకులో రెండేళ్ల నాటి పెట్రోలు వార్నిష్ వాసన కొడుతోంది. పెట్రోల్లో తొందరగా ఆవిరయ్యే భాగమే ముందు ఎగిరిపోతుంది, మిగిలేది మండనని మొరాయించే సరుకు. అతను దాన్ని పారబోసి, కార్బురేటర్ విప్పి, జెట్ ఊది, 2టీ ఆయిల్ కలిపిన కొత్త పెట్రోలు పోశాడు. నాలుగో కిక్‌కి స్టార్టయింది. ఇంకేం, పని అయిపోయిందనుకున్నాను.

తెల్లారి ఎనిమిదింటికి కొనే అతను వస్తాడు. ఒకసారి చూసుకుందామని చీకటితోనే లేచి చీర తీశాను. చోక్ గుంజి కిక్ కొట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇరవై కిక్కులకి చలి పోయి చెమట పట్టింది, బండి మాత్రం చల్లగానే ఉంది.

చిన్నప్పుడు నేను కిక్ కొడతానంటే బాపు కొట్టనిచ్చేవాడు కాదు. "ఎదురు తంతది, కాలు ఇరుగుతది" అనేవాడు. ఆయన గుడిహత్నూర్ బడికి బయల్దేరే ముందు జరిగే ఆ తతంగమంతా నేను గడపలో కూర్చుని చూసేదాన్ని. చూశాను గానీ నేర్చుకోలేదు.

చివరికి యూట్యూబ్‌లో చూసినట్టే ప్లగ్గు విప్పాను. దాన్ని క్యాపులో పెట్టి, ఇంజిన్ లోహానికి ఆనించి కిక్ కొడితే చీకట్లో చిన్న నీలం రవ్వ. ఈ బండి స్టార్టవడానికి బ్యాటరీతో పని లేదు. మనం తొక్కే తొక్కుడికే మాగ్నెటో తిరిగి కరెంటు పుట్టిస్తుంది. అంటే నిప్పు ఉంది. కానీ ప్లగ్గు కొస పొడిగా ఉంది. పెట్రోలే అక్కడిదాకా రావడం లేదు.

చలికి జరిగేది ఇదే. మండేది పెట్రోలు కాదు, పెట్రోలు ఆవిరి. చల్లటి ఇంజిన్‌లో అది సరిగా ఆవిరి కాదు, చుక్కలుగానే ఉండిపోతుంది. అందుకే చోక్ గుంజి పెట్రోలు పాలు పెంచుతాం. అదీ చాలకపోతే? నాకు తెలియదు.

వెనక చేతికర్ర చప్పుడైంది. మంకీ క్యాపు పెట్టుకుని, అమ్మ భుజం పట్టుకుని బాపు గడపలోకి వచ్చాడు. అమ్మ కుర్చీ వేసింది. నేను తల దించుకుని ప్లగ్గు బిగించాను. చెప్పకుండా అమ్ముతున్న బండి కదా.

మళ్లీ కిక్. మళ్లీ ఏమీ లేదు. బాపు నోరు తెరిచాడు. "అ... అద్..." అని ఆగిపోయాడు. తర్వాత ఎడమ చెయ్యి ముందుకు చాపి, అరచేతిని మెల్లగా పక్కకి వాల్చాడు. నేను వెర్రిదానిలా చూస్తున్నాను.

"వంచమంటున్నడు" అంది అమ్మ.

స్కూటర్ వంచడం మీద మీమ్స్ చూసి నవ్వుకున్న తరం నాది. అదేదో ఆ కాలపు మూఢనమ్మకం అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఈ బండిలో పెట్రోలు పంపు లేదు. సీటు కింద టాంకులోంచి పెట్రోలు తన బరువుకి తానే దిగాలి. వంచితే కార్బురేటర్‌లో మట్టం పెరిగి ఇంకాస్త పెట్రోలు లోపలికి పొర్లుతుంది. చోక్ ఇవ్వలేనిది వంపు ఇస్తుంది.

స్టాండు తీసి, నడుముకి ఆనించుకుని వంచాను. బాపు చెయ్యి ఇంకా వాలింది, నేనూ ఇంకా వంచాను. పెట్రోలు వాసన గుప్పుమంది. ఆయన చెయ్యి లేచింది, బండిని నిలబెట్టాను. మొదటి కిక్‌కి దగ్గింది. రెండో కిక్‌కి వాకిలంతా తెల్లటి పొగ.

నేను అమ్మని చూసి నవ్వుతుండగానే ఇంజిన్ తడబడటం మొదలుపెట్టింది.

"చోక్!"

బాపు గొంతు. అంత స్పష్టంగా విని రెండేళ్లయింది. కోపంగా ఉన్నాడు. వేడెక్కాక కూడా చోక్ అలాగే వదిలేస్తే పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసిపోతుంది. గబుక్కున లోపలికి తోశాను. చప్పుడు కుదురుకుంది.

ఎనిమిదింటికి కొనే అతను వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి, 10 వేల నోట్లు లెక్కపెట్టబోయాడు. అతన్ని ఆగమని, నేను బాపు కుర్చీ దగ్గర కింద కూర్చున్నాను.

"అమ్మాల్నా, బాపూ?"

ఆగాను. మధ్యలో మాట అందివ్వాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను. అమ్మ కూడా ఏమీ అనలేదు. ఆయన బండినే చూస్తున్నాడు. వద్దంటాడనే అనుకున్నాను. అంటే ఏం చెప్పాలో కూడా తయారు చేసుకుంటున్నాను.

"ప... పన్... పన్నెండు" అన్నాడు.

అతను నెత్తి గోక్కున్నాడు. బేరం 11 వేల దగ్గర తెగింది. బండి గల్లీ మలుపు తిరిగేదాకా బాపు దాని చప్పుడు విన్నాడు.

మధ్యాహ్నం అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. "ఏం కూర వండాలె?" అని అడిగి, చేతులు ఒళ్లో పెట్టుకుని, అలాగే కూర్చుంది.