వెనక్కి పోనివ్వని బంతి

మురుగునీటిని పైకెత్తే పంపింగ్ కేంద్రాల్లో, మోటారు దాటాక గొట్టానికి ఒక పక్క ఏటవాలుగా లేచిన ఉబ్బు కనిపిస్తుంది. అందులో రబ్బరు తొడుగున్న బంతి ఒకటి కాపురం ఉంటుంది. దానికి స్ప్రింగు లేదు, బందు లేదు, కరెంటు తీగ అసలే లేదు. పంపు నడిస్తే నీటి తోపుకు పక్క గదిలోకి తప్పుకుంటుంది. పంపు ఆగితే జారి వచ్చి దారికి అడ్డం కూర్చుంటుంది. అది లేకపోతే ఎక్కించిన నీరంతా పంపును వెనక్కి తిప్పుకుంటూ మళ్లీ సంపులోకే దిగుతుంది. ఎత్తిన నీటినే ఎత్తుతూ, కరెంటు బిల్లు కడుతూ ఉండాలి.

చిత్రమేమిటంటే, బంతి బరువు దాన్ని ద్వారం దాకా చేర్చడానికే చాలుతుంది. ఆపైన బిగించేది వెనక్కి రాబోయే నీరే. 30 మీటర్ల ఎత్తున నిలిచిన నీరు చదరపు సెంటీమీటరుకు దాదాపు 3 కిలోల చొప్పున ఒత్తుతుంది. 10 సెంటీమీటర్ల వ్యాసమున్న ద్వారం మీద అది సుమారు 235 కిలోలు. తిరిగి రావాలన్న ఆరాటం ఎంత పెరిగితే తలుపు అంత బిగుస్తుంది. ఆ ఎత్తు ఏ మీటరో అయితే మాత్రం రబ్బరు సరిగా అతుక్కోక నీరు సన్నగా కారవచ్చు. బలవంతుణ్ణి నిలువరించి బలహీనుణ్ణి చూసీచూడనట్టు వదిలే కావలివాడు అరుదు. లోకంలో మనం చూసేది సాధారణంగా దీనికి తలకిందులు.

ఇదే పనికి రెక్క తలుపున్న వాల్వులూ ఉన్నాయి. వాటి బందుకు వెంట్రుకలు, గుడ్డపీలికలు, ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుంటాయి. బంతికి ముందూ వెనకా లేవు కనుక పట్టుకోవడానికి చోటే దొరకదు. నీటిలో దొర్లుతూ తనను తాను కడుక్కుంటుంది. ఈసారి ద్వారానికి ఆనిన ముఖమే వచ్చేసారీ ఆనాలన్న నియమం లేదు కాబట్టి అరుగుదల ఒకేచోట పడదు. కుదురు లేకపోవడం గుణంగా చెల్లుబాటైన ఉద్యోగం ఇదొక్కటేనేమో.

అయితే కొన్ని పట్టింపులూ ఉన్నాయి. ఉదారంగా పెద్ద గొట్టం వేస్తే ప్రవాహం మందగించి, బంతి గదిలో కుదురుకోలేక తటతటలాడుతుంది. ఎత్తు మరీ ఎక్కువై నీరు ఒక్కసారిగా వెనుదిరిగితే గొట్టమంతా అదిరేలా బంతి వచ్చి ద్వారానికి కొట్టుకుంటుంది.

మురుగునీటి వరకు నా ఓటు బంతికే. పాడైతే పైనున్న గేటు వాల్వు కట్టేసి, మూత బోల్టులు విప్పి, కొత్త బంతి వేస్తే సరి. గొట్టం కోయనక్కర్లేదు.