పన్నెండు మంది కూర్చునే బల్ల

నవంబరు మూడో వారం దాటిందంటే చాలు, మీరు విజయవాడలో ఉన్నా వరంగల్‌లో ఉన్నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. బ్లాక్ ఫ్రైడే సేల్, ఫ్లాట్ 50 పర్సెంట్, ఈ రాత్రితో ఆఖరు అంటూ ఒకటే గోల. ఆ శుక్రవారంతో మనకేంటి సంబంధం అని ఎవరూ చెప్పరు. అసలు ఆ శుక్రవారం వెనక ఒక గురువారం ఉంది. అమెరికాలో ఇంటిల్లిపాదీ ఒకే బల్ల చుట్టూ చేరి భోంచేసే థ్యాంక్స్ గివింగ్ గురువారం. నాలాంటి చిన్న ఆన్‌లైన్ షాపు వాళ్లకి బేరం ఆ గురువారం దగ్గరే ఉంది. శుక్రవారం దగ్గర ఉన్నది పోటీ మాత్రమే.

నేను డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. పగలు ఒక పళ్ల డాక్టరు దగ్గర బిల్లింగ్ పని. రాత్రి నా షాపు. షాపంటే మా గ్యారేజీలో నాలుగు అల్మరాలు, ఒక లేబుల్ ప్రింటరు, ఫోను. అమ్మేది పెడన కలంకారీ. చీరలు కాదు, భోజనం బల్ల మీద వేసే గుడ్డలు, నాప్‌కిన్లు. పెడనలో మా బాబాయికి చిన్న అద్దకం షెడ్డు ఉంది. ఆయనతో పాటు ఎనిమిది మంది పనిచేస్తారు. కరక్కాయ నీళ్లలో పాలు కలిపి గుడ్డ నానబెట్టడం, టేకు అచ్చులతో అద్దడం, ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టి నల్లరంగు చేసుకోవడం, పారే నీళ్లలో ఉతకడం... అంతా చేతిపనే.

ఏడాదిలో నేను అమ్మే సరుకులో సగానికి పైగా నవంబరు, డిసెంబరుల్లోనే పోతుంది. ఆ డబ్బు భోగిలోపు పెడన చేరుతుంది. అంటే ఇక్కడి థ్యాంక్స్ గివింగ్ బాగుంటే అక్కడ ఎనిమిది ఇళ్లలో సంక్రాంతి బాగుంటుంది. విచిత్రంగా ఉన్నా, మా లెక్క అదే.

2025 ఆగస్టు

అప్పటిదాకా 800 డాలర్లలోపు విలువున్న పార్సిల్‌కి అమెరికాలో సుంకం ఉండేది కాదు. చిన్న వ్యాపారాలు చాలా వరకు ఆ వెసులుబాటు మీదే నడిచాయి. ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకీ అది ఎత్తేశారు. దానికి రెండ్రోజుల ముందే భారతదేశం సరుకు మీద అదనపు సుంకం 50 శాతానికి చేరింది. ఇండియా పోస్ట్ కూడా అమెరికాకి పార్సిళ్లు తీసుకోవడం ఆపేసి, మళ్లీ అక్టోబరు 15న మొదలుపెట్టింది. మాకు సరుకు కావాల్సింది సరిగ్గా ఆ మధ్య రోజుల్లోనే.

ఆ వారంలోనే బాబాయి ఫోన్ చేశాడు. "అమ్మాయ్, ఈసారి ఆర్డరు ఉంటుందా, ఉండదా? ఉండదంటే ఇప్పుడే చెప్పు. ఇద్దరు ముగ్గురికి వేరే పని చూసుకోమని చెప్పాలి. దసరా ముందు చెబితే వాళ్లకీ బావుంటుంది" అన్నాడు. గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. అందుకే ఇంకా కష్టంగా అనిపించింది.

"వారం టైమివ్వు బాబాయ్" అన్నా. ఆ వారమంతా కూర్చుని లెక్క వేశాను.

లెక్క ఇదీ

ఆరు నాప్‌కిన్ల సెట్టు నేను అమ్మేది 48 డాలర్లకి. గుడ్డ, అద్దకం కూలీ, విమానంలో రవాణా, కస్టమ్స్ బ్రోకరు అన్నీ కలిపి 16 డాలర్లు. సుంకాలు 7. ఇక్కడ కస్టమర్‌కి పంపడానికి పోస్టేజీ ఆరున్నర. పెట్టె, కాగితం డాలరున్నర. కార్డు మీద కట్టినందుకు 2.9 శాతం, దాని మీద 30 సెంట్లు. అన్నీ పోగా నాకు మిగిలేది 15 డాలర్ల 31 సెంట్లు.

ఇప్పుడు అందరిలాగా 40 శాతం డిస్కౌంట్ పెడితే? సెట్టు 28 డాలర్ల 80 సెంట్లకి ఇవ్వాలి. ఖర్చు మాత్రం 32 డాలర్ల 14 సెంట్లు. అంటే అమ్మిన ప్రతి సెట్టుకీ నా చేతి నుంచి 3 డాలర్ల 34 సెంట్లు పోతాయి. ఎంత ఎక్కువ అమ్మితే అంత నష్టం! పెద్ద కంపెనీలు ఒక వస్తువు మీద పోగొట్టుకున్నది ఇంకో వస్తువు మీద రాబట్టుకుంటాయి. నాకు ఇంకో వస్తువు లేదు.

ధర ముందే 80 అని రాసి, దాన్ని కొట్టేసి 48 అని చూపించొచ్చు కదా అని ఒక ఫ్రెండ్ సలహా. నిజంగా ఎప్పుడూ అమ్మని ధరని పాత ధరగా చూపించడం ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధనల ప్రకారం మోసం కిందే లెక్క. ఆ నిబంధన లేకపోయినా నేనలా చేయను. నిరుడు 48కి కొన్నవాళ్లు ఈసారి ఆ 80 చూస్తే ఏమనుకుంటారు?

పోనీ ప్రకటనలు? ఫోన్లో కనిపించే ప్రకటనలు వేలంపాట పద్ధతిలో అమ్ముడవుతాయి. బ్లాక్ ఫ్రైడే వారంలో పెద్దవాళ్లంతా ఆ పాటలో ఉంటారు కాబట్టి రేటు పెరుగుతుంది. నేను 20 డాలర్లు పట్టుకుని అక్కడికి వెళ్లడం అంటే, ఏనుగుల సంతకి మేకపిల్లని తోలుకెళ్లడమే.

ఐదు రోజులు, ఐదు కథలు

డిస్కౌంట్ లేదు, ప్రకటన లేదు. మరి ఏం చేయాలి? ముందు ఈ పండగ ఏంటో సరిగ్గా చదువుకున్నా. 1863లో లింకన్ నవంబరు ఆఖరి గురువారాన్ని థ్యాంక్స్ గివింగ్‌గా ప్రకటించాడు. 1939లో నవంబరుకి ఐదు గురువారాలు వచ్చాయి. ఆఖరిది 30వ తేదీ. క్రిస్మస్ అమ్మకాలకి రోజులు తక్కువైపోతాయని వ్యాపారులు మొత్తుకుంటే రూజ్‌వెల్ట్ పండగని ఒక వారం ముందుకి జరిపాడు. కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు. ఒకే దేశంలో రెండు తేదీల్లో పండగ! మన పంచాంగాల గొడవ గుర్తొచ్చి నవ్వొచ్చింది. చివరికి 1941లో నాలుగో గురువారం అని చట్టం చేశారు.

తర్వాత ఒక్కో రోజూ వచ్చి చేరింది. 2005లో ఆన్‌లైన్ షాపుల కోసం సైబర్ మండే అన్న పేరు పుట్టింది. 2010లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డు కంపెనీ స్మాల్ బిజినెస్ సాటర్డే మొదలుపెట్టింది. 2012లో న్యూయార్క్‌లో దానాల కోసం గివింగ్ ట్యూజ్‌డే మొదలైంది. శుక్రవారం పోటీకి దిగనివాళ్లూ ఉన్నారు. పటగోనియా 2011లో బ్లాక్ ఫ్రైడే రోజున, మా జాకెట్ కొనొద్దు అని న్యూయార్క్ టైమ్స్‌లో పెద్ద ప్రకటన వేసింది. ఆర్‌ఈఐ అనే కంపెనీ 2015లో ఆ రోజు షాపులన్నీ మూసేసి ఉద్యోగుల్ని బయట తిరిగి రమ్మంది.

ఇవన్నీ చదివాక ఒకటి తట్టింది. శుక్రవారం నుంచి మంగళవారం దాకా అందరూ బహుమతులు అమ్ముతున్నారు. నా సరుకు బహుమతి కంటే ముందు బల్ల మీద వేసే గుడ్డ. అది కావాల్సింది గురువారం మధ్యాహ్నానికి. ఆ తర్వాత ఎంత చవగ్గా ఇచ్చినా ఆ భోజనానికి పనికిరాదు.

బాబాయికి ఫోన్ చేసి 260 సెట్లు చెప్పా. నిరుడు 300. కారు అప్పు తీర్చడానికి దాచిన డబ్బులోంచి దాదాపు 6,000 డాలర్లు ఇందులో పెట్టాం. మా ఆయన ఒక్కటే అడిగాడు, "మిగిలిపోతే?" అని. "మన బల్లకే వేసుకుందాం, పదేళ్లు వస్తాయి" అన్నా. ఇద్దరం నవ్వాం గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చేసిన పనులు

మొదటిది, క్యాలెండర్. ఈసారి పండగ నవంబరు 27. పోస్టల్ వాళ్ల గ్రౌండ్ అడ్వాంటేజ్‌లో పార్సిల్ చేరడానికి రెండు నుంచి ఐదు రోజులు అంటారు. రద్దీకి రెండు మూడు రోజులు కలుపుకుని, "నవంబరు 19 బుధవారం లోపు ఆర్డరిస్తే మీ పండగ భోజనానికి అందుతుంది" అని షాపు పైన రాశా. గడియారం వెనక్కి తిరిగే బొమ్మలు, 'ఇంకా రెండే ఉన్నాయి' లాంటి అబద్ధాలు పెట్టలేదు. నిజమైన ఆఖరి తేదీ ఉన్నప్పుడు దొంగ తొందర ఎందుకు?

రెండోది, పన్నెండు మంది బల్ల. మామూలు రోజుల్లో ఇక్కడి ఇంట్లో నలుగురే. ఆ ఒక్క రోజు అమ్మమ్మలు, బాబాయిలు, అల్లుళ్లు కలిపి పది పన్నెండు మంది. అందుకే రెండు సెట్లు కలిపి 90 డాలర్లకి పెట్టా. విడివిడిగా అయితే 96. కస్టమర్‌కి 6 డాలర్లు తగ్గింది. రెండూ ఒకే పెట్టెలో వెళ్తే పోస్టేజీ 13 కాదు, 9. పెట్టె ఖర్చు ఒక డాలరు తగ్గుతుంది, కార్డు ఛార్జీ కూడా కొంచెం. నాకు మిగిలేది 30 డాలర్ల 62 సెంట్లకి బదులు 30 డాలర్ల 9 సెంట్లు. అర డాలరు వదులుకుని రెండు సెట్లు అమ్మినట్టు.

మూడోది, మాట. మా ఎదురింటి పెద్దావిడ నిరుడు నా దగ్గర కొంది. ఎలా ఉన్నాయండీ అనడిగితే, అందం, సంప్రదాయం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "ఆ ఎర్రరంగులో క్రాన్‌బెర్రీ సాస్ మరక కనపడదమ్మా" అంది! టర్కీ పక్కన వడ్డించే ఆ ఎర్రటి సాస్ తెల్ల గుడ్డ మీద పడితే ఇక అంతే సంగతులు. వేల ఏళ్ల కళ, సహజ రంగులు అని నేను రాసుకున్న పేరాలన్నీ కిందికి జరిపి, ఆవిడ మాటని పైన పెట్టా, ఆవిడని అడిగే. ఆ పోస్టుకి వచ్చినన్ని ఆర్డర్లు ఇంక దేనికీ రాలేదు.

నాలుగోది, పాతవాళ్లు. నా మెయిల్ లిస్టులో 410 మంది ఉన్నారు. అక్టోబరు చివర్లో వాళ్లకి ఒక ఉత్తరం రాశా. సుంకం ఎంత పెరిగింది, అయినా ధర ఎందుకు పెంచలేదు, పెడనలో వానల్లో గుడ్డ ఆరబెట్టడానికి ఎన్ని తిప్పలు పడ్డారు, అన్నీ ఉన్నదున్నట్టు. కొనండి అన్న మాట ఆఖర్న ఒక్కసారే. కింద మా అడ్రసు, మెయిల్స్ వద్దనుకుంటే నొక్కే లింకు పెట్టా. ఇక్కడి చట్టం ప్రకారం అవి తప్పనిసరి కూడా. తొమ్మిది మంది వద్దని నొక్కారు. ముప్పై మందికి పైగా తిరిగి జవాబు రాశారు.

ఐదోది, థ్యాంక్స్. ప్రతి పెట్టెలో పోస్టుకార్డంత కలంకారీ ముక్క పెట్టాం. మిగిలిన పీలికల మీద బాబాయి మామిడిపిందె అచ్చు వేసి పంపాడు. దాని వెనక కాగితం మీద ఆ గుడ్డ అద్దినవాళ్ల పేరు నేనే చేత్తో రాశా. థ్యాంక్స్ చెప్పే పండక్కి ఎవరికి థ్యాంక్స్ చెప్పాలో తెలియాలి కదా.

శుక్రవారం ఏ ఆఫరూ పెట్టలేదు. పెడన కాలవలో గుడ్డలు ఉతుకుతున్న నలభై సెకన్ల వీడియో ఒకటి పెట్టి ఊరుకున్నా. శనివారం మాత్రం దగ్గర్లోని ఒక కాఫీ షాపు వాళ్లతో మాట్లాడుకుని, వాళ్ల గుమ్మం ముందు చిన్న బల్ల వేశా. ఆన్‌లైన్ వ్యాపారమైనా ఒక్కరోజు జనానికి గుడ్డ చేత్తో ముట్టుకునే అవకాశం ఇవ్వాలి. ఆ రోజు కొన్నవాళ్లకంటే, ఇంటికెళ్లి క్రిస్మస్‌కి ఆర్డర్ పెట్టినవాళ్లే ఎక్కువ.

చివరికి ఏమైంది

డిసెంబరు ఆఖరుకి 260లో 231 సెట్లు పోయాయి. అందులో 116 పన్నెండు మంది బల్ల జతలుగానే వెళ్లాయి. లెక్క ప్రకారం మిగులు 3,500 డాలర్ల చిల్లర. అందులో 667 డాలర్లు ఇంకా 29 సెట్ల గుడ్డ రూపంలో గ్యారేజీలోనే ఉన్నాయి. నిరుటితో పోలిస్తే తక్కువే. ఇదేం విజయగాథ కాదు. పెడనలో ఆర్డరు ఖాయమయ్యేలోపే ఒకాయన బందరులో వేరే పనికి వెళ్లిపోయాడు. మిగతా ఏడుగురూ ఉన్నారు. భోగి ముందే అందరికీ కూలీ లెక్కలు చూసేశానని బాబాయి చెప్పాడు.

మీలో ఎవరైనా ఇన్‌స్టాలో నర్సాపురం లేసులో, మంగళగిరి డ్రెస్ మెటీరియలో, అమ్మ చేసిన సున్నుండలో అమ్ముతుంటే, పండగ వస్తోందని ముందే డిస్కౌంట్ పోస్టర్ చేయకండి. కాగితం తీసుకుని మూడు ప్రశ్నలకి జవాబు రాయండి. నా వస్తువు వాళ్లకి ఏ రోజు, ఏ పూటకి కావాలి? దానికి ఆఖరి ఆర్డరు తేదీ ఏది? ధర ఎంత తగ్గిస్తే నాకు నష్టం మొదలవుతుంది? మూడో జవాబు పైసలతో సహా రాయండి. తర్వాత పాత కస్టమర్ ఒకరికి ఫోన్ చేసి, నా వస్తువులో మీకు ఏం నచ్చింది అని అడగండి. ఆవిడ చెప్పే సమాధానం మీరు అనుకున్నది కాకపోవచ్చు. అదే మీ పోస్టర్ మీద మొదటి లైను.